బొటనవేలు అడ్డం

రామ్‌చందర్ ఈ పొద్దు చస్తాడు. ఫోకస్ లైటు వెయ్యడానికి రాక తప్పదు, వస్తే ఈ గట్టు మీదుగానే వస్తాడు, వేరే తోవ లేదు, అటు వాగు, ఇటు ఫారెస్టోళ్ళు తవ్విన కందకం, నడుమ ఈ గట్టు, గట్టుకు అడ్డంగా మోకాలి కిందికి తీగ, తీగ ఇవతలి కొస పూల్‌సింగ్ మోటరు డబ్బాలో, డబ్బా మీద పూల్‌సింగ్ చెయ్యి. ఇంకా కరెంటు వదల్లేదు. ముందే వదిలితే ఏ మేకో వచ్చి పడి పని చెడగొడుతుంది. మనిషి కనబడాలి, తెల్లచొక్కా కనబడాలి, గట్టు ఎక్కాలి, అప్పుడు. పొద్దు ఇంకా టేకుచెట్ల మీదనే ఉంది, దిగనని మొరాయించే ఎద్దులాగా ఉంది, ఇన్నేళ్ళు ఆగినవాడికి ఈ గడియ ఆగడం కష్టంగా ఉంది. బీడీ ముట్టించాలనిపించింది. వద్దు, పొగ కనబడుతుంది. నోరు పిడచకట్టింది. ఈ నోరు తనకు ఎన్నడూ పెద్ద పనికొచ్చింది కాదు, మూడో తరగతిలో సారు అడిగినదానికి బదులు చెప్పక దెబ్బలు తిని బడి మానేసిన నోరు, పెళ్ళినాడు ద్వాలితో కూడా నీళ్ళు కావాలని తప్ప ఏమీ మాట్లాడని నోరు, కానీ ఈ పొద్దు వాడు కింద పడ్డాక దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పాలని ఉంది, నా కొడుకు దొంగ కాదురా అని, వాడి చెవిలో, ఆ చెవి ఇంకా వినేలోపల.

దొంగ. మనిషి పోయినా తండాలో ఆ మాట పోలేదు. కొడుకు తిరుపతి దమ్మపేట దిక్కు పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి పోయేవాడు, చీకటిపడ్డాక వాగు వెంబడి అడ్డతోవన ఇల్లు చేరేవాడు. ఒకనాడు చేరలేదు. తెల్లారి చూస్తే రామ్‌చందర్ మోటరు డబ్బా కింద పడి ఉన్నాడు. రాగితీగ కోసం వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టాడన్నారు, రామ్‌చందర్ అన్నాడు, అతని వెనక తండా అన్నది, రాసుకోవడానికి వచ్చినవాళ్ళు అదే రాసుకుని పోయారు. స్నానం పోసింది మాత్రం పూల్‌సింగ్. డబ్బాలో చెయ్యి పెట్టినవాడికి చెయ్యి కమలాలి గదా, పామాయిల్ ముళ్ళు గీరిన గీతలు తప్ప తిరుపతి అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. కాళ్ళ మీద, రెండు మోకాళ్ళ కింద ఎముక మీద, నల్లటి గీత, కొలిచి గీసినట్టు ఒకే ఎత్తులో. తీగ. పందులకు పెట్టిన తీగ. నీళ్ళు పోస్తూ ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరు వింటారు. పొలం వాడిది, మోటరు వాడిది, ట్రాక్టరు వాడిది, స్తంభం మీద అడవి దాకా వెలుగు కొట్టే ఆ ఫోకస్ లైటు వాడిది. ఆ వెలుగు కళ్ళల్లో పడితే పక్కనున్న మనిషే కనబడడు, ఇక తీగ ఏం కనబడుతుంది. తీగ కన్నా ముందు ఆ లైటే పట్టుకుంది బిడ్డను. లైటు పెట్టింది వాడు, తీగ పెట్టింది వాడు, లాగి డబ్బా కింద పడేసింది వాడు, దొంగ అన్నది వాడు. అన్నీ వాడే. కళ్ళు మూసినా తెరిచినా ఇన్నేళ్ళూ ఆ తెల్లచొక్కానే.

మొన్న కూడా అన్నాడు. కూతురు మంగ్లి బిడ్డ పుష్పలత బెంగుళూరు నుంచి సెలవుకు వచ్చింది, కొట్టుకాడ ఉప్పు కొంటుంటే నలుగురి ముందూ, "బాగ చదివినవ్ బిడ్డా, మీ మామ లెక్క గాకుంట" అని నవ్వాడట. పిల్ల ఇంటికొచ్చి ఉప్పు పొట్లం గూట్లో పెట్టి నోరు మెదపలేదు, ఆ నోరు తాతదే. కొట్టుకాడ విన్నవాళ్ళు చెబితే మంగ్లి వచ్చి చెప్పింది. ఈ పొద్దున పిల్లను బస్సెక్కించి వచ్చి పూల్‌సింగ్ తీగచుట్ట విప్పాడు.

ఆ పిల్ల చేసేది చుక్కల పని అంటారు తండాలో. చుక్కల పని కాదట, చుక్కలను కనబడకుండా చేసే పనట. మంచం మీద కాళ్ళు ముడుచుకుని చెబుతుంటే మంగ్లి ముక్కు మీద వేలేసుకుంది. "ఉన్న చుక్కలను ఆర్పెటందుకు నీకు జీతమిస్తున్నరానే?" "ఆర్పుడు కాదమ్మా, అడ్డం పెట్టుడు" అని పిల్ల నవ్వి, ఆకిట్లోకి కొడుతున్న రామ్‌చందర్ లైటు దిక్కు చెయ్యి చూపించింది. "తాతా, గా లైటు పక్కన ఏమున్నది?" ఏమీ లేదన్నాడు. "ఒక కన్ను మూసి లైటు మీద బొటనవేలు అడ్డం పెట్టు." పెట్టాడు. స్తంభానికి ఉన్న ఇనపకమ్మీ మీద గుడ్లగూబ కూర్చుని ఉంది, పురుగులు తింటూ, తనింట్లో కూర్చున్నట్టు. వేలు తీస్తే లేదు. పెడితే ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో అది అక్కడ. చుక్కలన్నీ మన పొద్దు వంటివేనట, వాటి చుట్టూ మన భూమి వంటివి తిరుగుతుంటాయట, కానీ ఖమ్మంలో ఒక ఫోకస్ లైటు పెట్టి, దాని పక్కన ఒకడు బీడీ తాగుతుంటే, ఇక్కడి నుంచి ఆ బీడీ నిప్పు చూడాలంటే ఎట్లుంటుందో అట్లుంటుందట వాటిని చూడటం. అందుకని పెద్ద అద్దం లోపల, చుక్క వెలుగు వచ్చి పడే జాగాలో నల్లటి బొట్టు పెట్టి మూస్తారు. మూసినా ఊరుకోదట వెలుగు, బొట్టు అంచుల నుంచి కారుతుంది, ఆ కారేదాన్ని ఇంకో పలక పెట్టి కత్తిరించాలి, ఇంకా మిగిలితే వెంట్రుకలో వెయ్యో వంతు వంగే అద్దం పెట్టి వెలుగును వెలుగుతోనే చంపాలి. ఆకాశంలోనే దూరంగా ఒక పెద్ద తెర ఎగరేద్దామని కూడా చూస్తున్నారట. "తెరను గుండ్రంగ కోస్తే పనికిరాదు తాతా. వెలుగు అంచు చుట్టు వంగి సక్కగ నీడ నడుమకే వచ్చి చేరుతది. అందుకే రేకులు రేకులుగ, కొసలు సన్నంగ కోస్తరు, పొద్దుతిరుగుడు పువ్వు లెక్క." ఆమె పని ఆ నల్లబొట్టుకు గీర పడకుండా చూడటమట. పూల్‌సింగ్ ఊ కొట్టాడు. ఊ కొట్టడమే ఎక్కువ.

పొద్దు సరిగ్గా ఎదురుగా దిగింది. గట్టంతా మంట. వాడు వస్తే ఈ మంటలో కనబడేట్టు లేడు. పూల్‌సింగ్ ఎడమచెయ్యి ఎత్తి పొద్దు మీద బొటనవేలు పెట్టాడు, వేలు చుట్టూ ఎర్రటి అంచు, అంచు కింద గట్టు తేటగా బయటపడింది, గరికపోచలు, పాతిన వెదురుపుల్లలు, పుల్లల మీద తీగ, వాగు అవతల ఎవరిదో గేదె. వేలు తియ్యలేదు. అట్లా ఉంచితే కంటికి హాయిగా ఉంది. గేదె ఎవరిదో. జైరాందే కావచ్చు. ఈ తీగ కూడా జైరాందే, మొన్న కొట్టుకాడి మాట విని తనే చూరులోంచి తీసుకొచ్చి ఇచ్చాడు, మేనల్లుడు, చెల్లెలు కమ్లి కొడుకు, "పందులు బాగ తిరుగుతున్నయ్ మామా, పెట్టుకో" అన్నాడు, పంది అన్నప్పుడు రామ్‌చందర్ పొలం దిక్కు చూశాడు. చురుకైనవాడు. తిరుపతి పోయినాక కొడుకులాగా చూసుకున్నవాడు, దున్నినాడు, పొగాకు తెచ్చాడు, పక్కన కూర్చున్నాడు, మాట్లాడని మామ పక్కన గంటలు గంటలు కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది. పూల్‌సింగ్‌కు ఎప్పుడన్నా మనసు చల్లబడి, పోనీలే దేవుడే చూసుకుంటాడని అనిపించేది, ఆ వారమే వచ్చేవాడు, "రామ్‌చందర్ మళ్ళ అన్నడు మామా, దొంగ తండ్రికి పట్టా ఎందుకని అన్నడు" అని పొయ్యి ఊదినట్టు ఊది పోయేవాడు. ఎప్పుడూ వాడి మాటలే మోసుకొచ్చేవాడు. వాడి చుట్టే. తనకంటూ ఒక మాట లేదు జైరాంకు. "గ్రహానికి సొంత వెలుగు ఉండదు తాతా, చుక్క వెలుగే దాని మీద పడి కనబడుతది."

వేలు దించలేదు. పొద్దు మీదే ఉంచాడు. రామ్‌చందర్‌ను మూసి చూడు. తెల్లచొక్కాను మూయి, ట్రాక్టరును మూయి, ఇంకా అంచుల నుంచి కారుతున్నాడు వాడు, ఆ నవ్వును కూడా మూయి, దొంగ అన్న మాట ఒకటి మిగిలింది, అది అన్నిటికన్నా ఎక్కువ మండేది, దాన్ని కూడా మూయి, ఒక్క గడియ, తర్వాత నీ ఇష్టం. మూశాడు. బిడ్డ పోయిన ఆ పొద్దుటి ఆకిలి చీకటిగా అయింది, చీకట్లో జైరాం చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిరుపతి చెప్పులు. శవం ఉత్తకాళ్ళతో ఉంది, చెప్పులు జైరాం తెచ్చాడు, "వాగు ఒడ్డు గట్టు మీద దొరికినయ్ మామా" అని ఏడ్చాడు, దొంగతనానికి పోయేవాడు చెప్పులు విడిచే పోతాడని తండా గుసగుసలాడింది, ఆ చెప్పులే దొంగను చేశాయి బిడ్డను. పీనుగ మోటరుకాడ దొరికితే ఈ వాగు ఒడ్డుకు పోయి చెప్పులు ఎవరు వెతుకుతారు. ఎక్కడ పడ్డాడో తెలిసినవాడు వెతుకుతాడు. పొరపాటు కావచ్చు. కనబడింది గదా అని ఎగరొద్దని పిల్ల చెప్పింది. "మా అద్దం గరుకు కూడ గట్లనే చుక్కలు పుట్టిస్తది తాతా, గ్రహమే అనిపిస్తది. అందుకని కెమెరాను తిప్పి మళ్ళ ఫోటో తీస్తం. కెమెరాతో పాటు తిరిగిందంటే తప్పు మాది. మేం తిరిగినా అది ఆకాశంల దాని జాగాలనే ఉన్నదంటే, గదే గ్రహం." తిప్పు. ఇంకో దిక్కు నుంచి చూడు. తండాలో అడవిపంది పడితే ఇంటింటికీ వాటా పంచుతారు, తీగ ఎవరు పెట్టారని ఎవరూ అడగరు, కేసులు గదా, కానీ తల మాత్రం పెట్టినవాడికే పోతుంది, అది పెద్దల నాటి కట్టు, అందుకని ఎవరింట్లో తల ఉడుకుతుందో ఆడవాళ్ళకు వాసనతో తెలుస్తుంది. తిరుపతి పోయిన ఏడు ఎండాకాలం తల ఎవరింట్లో ఉడికింది. కమ్లి గిన్నెలో తెచ్చి ఇచ్చింది, అన్నా తలకూర తిను, నీకు ఇష్టమని. తిన్నాడు. తిరుపతి కూడా తిన్నాడు, పక్కనే కూర్చుని, వేళ్ళు నాకుతూ. రామ్‌చందర్ ఇంట్లో ఏనాడన్నా తల ఉడికిందా. వాడు మెడలో పూసలమాల వేసినప్పటి నుంచి ముక్క ముట్టడు, పందుల భయానికి పొలం చుట్టూ కొన్న కంచె వేయించాడు. మళ్ళీ తిప్పు. తిరుపతి పోయినాక జైరాం ఇంట్లో తల ఉడికిందా. లేదు. ఒక్కసారి కూడా లేదు. అంతటి వేటగాడు తీగ చుట్టి చూరులో పెట్టేశాడు. అదే చూరు. పూల్‌సింగ్ బొటనవేలు దించి గట్టు మీది తీగను చూశాడు. తుప్పు పట్టిన పాత తీగ. ఒక చోట నల్లబడి కమిలి ఉంది, పొద్దున పుల్లలకు కడుతూ అక్కడే తన వేలు ఆగింది, ఎందుకు ఆగిందో అప్పుడు ఆలోచించలేదు. ఇన్నేళ్ళ పగ ఒక మనిషి మీది నుంచి లేచి ఇంకో మనిషిని వెతుక్కుంటున్నది, అంత బరువూ అట్లాగే ఉంది, ఒక్క గింజ కూడా తగ్గలేదు.

తెల్లచొక్కా గట్టు ఎక్కింది. చెయ్యి డబ్బా మీదే ఉంది. వాడు ఫోన్ చూసుకుంటూ వస్తున్నాడు. నొక్కితే ప్రాణం పోతుంది, వీడూ తక్కువ తిన్నవాడు కాదు, మొన్న పిల్లను అన్నాడు. నొక్కితే ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పగలిగినవాడు పోతాడు, తాను జైలుకు పోతాడు, తండాలో జైరాం ఒక్కడే మిగులుతాడు. అందుకే తీగ తెచ్చి ఇచ్చాడు.

"ఆగు. ఇంకో అడుగు ఎయ్యకు."

రామ్‌చందర్ ఆగాడు. అటూ ఇటూ చూసి, మోటరు గుంత దగ్గర ముసలాయన్ను గుర్తుపట్టాడు. "ఏంది కాకా, ఇన్నేండ్లకు నోరు తెరిచినవ్."

"ముందర తీగ ఉన్నది."

రామ్‌చందర్ వంగి చూశాడు. నిలబడటానికి ఆలస్యమైంది. "నాకా?"

"నీకే."

"మరి చెప్తివేంది?"

"ఒకటి అడుగుత. నా కొడుకు నీ డబ్బా కింద ఉన్నడని నీకెవరు చెప్పిండ్రు?"

"అదంత ఇప్పుడెందుకు కాకా..."

పూల్‌సింగ్ డబ్బా మూత తెరిచాడు. మూత కిర్రుమంది. రామ్‌చందర్ గొంతు మారింది. "జైరాం. తెల్లారకముందు వచ్చి తలుపు కొట్టిండు. మీ మోటరుకాడ దొంగ సచ్చి పడ్డడు, నేను ఎవరో సుత చూడలేదు, మీరు పోయి చూడుండ్రి అన్నడు. నేను పోయి చూస్తే మీవోడు."

"దొంగ అని ముందు వాడే అన్నడా?"

"వాడే అన్నడు."

"వాడు అన్నదాన్ని ఇన్నేండ్లు మోసింది నువ్వు" అన్నాడు పూల్‌సింగ్. "నిన్ను వదిలిన అనుకోకు. ఇయ్యాల పని వేరే ఉన్నది. పోయి నీ లైటు కాడ కూసో. ఎయ్యకు. నేను ఎయ్యమన్నప్పుడు ఎయ్యి."

బతుకులో అన్ని మాటలు ఒక్కసారి ఎన్నడూ మాట్లాడలేదు, దవడలు నొప్పి పుట్టాయి. రామ్‌చందర్ తీగను పెద్ద అంగతో దాటి, వెనక్కి చూస్తూ చూస్తూ తన మోటరు దిక్కు పోయాడు. పూల్‌సింగ్ లేచి కొసలు విప్పాడు, పుల్లలు పీకాడు, తీగను మోచేతికీ అరచేతికీ చుట్టుకుంటూ వచ్చాడు, కమిలిన చోటు వచ్చినప్పుడు ఆగి, దాన్ని చుట్ట లోపలికి పోనిచ్చాడు. తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దు పోయింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనట్టు పొలం మీద లైటు లేదు, లైటు లేకపోతే ఎంత కనబడుతుందో, వాగు నీళ్ళ మెరుపు, కందకం అంచు, టేకు ఆకుల వెనక ఒకటొకటే చుక్కలు, ఒక్కోదాని చుట్టూ తిరిగేవి ఎన్నో, కనబడకుండా. బటన్ల ఫోన్ తీసి నొక్కాడు. "అయిపోయింది. రా." పెట్టేశాడు.

జైరాం టార్చి లేకుండా వచ్చాడు. గట్టు మొదట్లో ఆగి మెల్లగా అడిగాడు. "కరెంటు బంద్ చేసినవా మామా?"

"చేసిన."

"ఎవరన్న చూసిండ్రా?"

"ఎవరు చూస్తరు."

"లైటు సుత ఎయ్యలేదు వాడు, పాపం" అని చిన్నగా నవ్వి గట్టు ఎక్కాడు జైరాం. "ఏడ పడ్డడు? ఈడ ఉంచొద్దు మామా, జల్దీ వాని మోటరు కాడికి తీసుకపోదాం. డబ్బా కింద పండబెడితే సాలు, మిగిలింది వాళ్ళే చెప్పుకుంటరు." వంగి గరికలో చేతులతో తడుముతున్నాడు, అడుగు వేసి తడుముతున్నాడు. "చెప్పులేవి? చెప్పులు ముందు తియ్యాలె మామా. చీకట్ల చెప్పులు మరిచిపోతే తెల్లారి మళ్ళ వాటి కోసం రావాలె."

తడుముతున్న చేతులు ఆగిపోయాయి. తాను ఏమన్నాడో జైరాంకు అప్పుడు వినబడినట్టుంది, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "అంటే మామా, నేననేది..."

"రామ్‌చందర్" అన్నాడు పూల్‌సింగ్. "ఎయ్యి."

లైటు పడింది. సరిగ్గా జైరాం మొహం మీద పడింది, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు, చేతుల వెనక కూడా కళ్ళు చికిలించుకున్నాడు. పూల్‌సింగ్ డబ్బా మీద ఒక్క దెబ్బ వేశాడు. టక్కుమంది.

"కదలకు జైరాం. కరెంటు వదిలిన. నీ తీగ నీ ముందర ఒక వరస ఉన్నది, ఎనక ఒక వరస ఉన్నది."

"ఏడ మామా? నాకు ఏం కనబడతలేదు."

పూల్‌సింగ్ డబ్బా మూత కిర్రుమనిపించాడు.

"ఏ దిక్కు మామా? ఎంత దూరం? కాలు గుంజుతున్నది, పడిపోత మామా." ఒక మడమ కొంచెం లేచి, ఎటు పెట్టాలో తెలియక మళ్ళీ అక్కడే ఆనింది. "కావాలని చెయ్యలేదు మామా, పందులకు పెట్టిన, నీ బిడ్డ వస్తడని నాకేం తెలుసు. భయపడ్డ. భయంతోని లాగిన."

"నాకు చెప్పకు. తండాకు చెప్పు. వాడు దొంగ కాదని చెప్పు, వాడిని దొంగను చేసింది ఎవరో చెప్పు, తీగ కనబడేదాక చెప్పు."

జైరాం మొదట ఏడ్చాడు. తర్వాత అన్నాడు. గొంతు బొంగురుగా, తిరుపతి దొంగ కాదు, తీగ నాది, లాగింది నేను, అని లైటు దిక్కు అన్నాడు, తండా దిక్కు అన్నాడు, ఎటు అంటున్నాడో వాడికే తెలియదు. తండాలో కుక్కలు లేచాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఫోన్ల వెలుగులు ఒకటొకటే కదిలాయి, వాటి నడుమ కమ్లి గొంతు, ఏమైందిరా బిడ్డా అని. ఆ గొంతు పూల్‌సింగ్‌కు ఎక్కడో తగిలింది. తగలనిచ్చాడు. లేవలేదు. తొడ కింద తీగచుట్ట గుచ్చుకుంటోంది, సర్దుకుని దాని మీదనే కూర్చున్నాడు.

"అందరు విన్నరు మామా" అన్నాడు జైరాం. "ఇంక చాలు. కరెంటు బంద్ చెయ్యి."

"మీ అత్త ద్వాలి వినలే" అన్నాడు పూల్‌సింగ్. "దానికి చెవులు మందం. ఇంకా గట్టిగ."